పిడుగుల రేడియో సంకేతాలపై పరిశోధన: లూపు కట్టడం నుంచి పేపరు దాకా నా అనుభవం

వాతావరణ విద్యుత్తులోనో రేడియో సైన్సులోనో పరిశోధన చేద్దామని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది టాపిక్ ఏం తీసుకోవాలని. నా విషయంలో ముందు వచ్చింది రిసీవరు, టాపిక్ ఆ తర్వాతే. అలా రావడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. రికార్డులో ఒక గీత కనిపిస్తే అది ఆకాశం నుంచి వచ్చిందా, పక్క గదిలోని ఛార్జరు నుంచి వచ్చిందా అన్నది తడుముకోకుండా చెప్పగలిగినప్పుడే ఈ రంగంలో మన మాట వింటారు. థీసిస్, పేపర్లు, పోస్ట్‌డాక్, ఉద్యోగం అన్నీ ఆ నమ్మకం మీదే నిలబడతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం పరికరాల గురించే రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పిడుగు పడ్డప్పుడు వెలువడే రేడియో శక్తి 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కువ. నేలకూ అయనావరణం (పై గాలిలో అయాన్లు, ఎలక్ట్రాన్లు నిండిన భాగం) అడుగుకూ మధ్య ఉన్న ఖాళీలో ఈ తరంగాలు రెండువైపులా పరావర్తనం చెందుతూ పోతాయి. వెయ్యి కిలోమీటర్లకు పోయేది రెండు మూడు డెసిబెల్స్ మాత్రమే కాబట్టి ఖండం అవతల పడ్డ పిడుగు కూడా మన రిసీవర్లో టక్కుమంటుంది. వీటినే స్ఫెరిక్స్ అంటాం. జలాంతర్గాములకు కబురు పంపడానికి నౌకాదళాలు నడిపే ట్రాన్స్‌మిటర్లు కూడా ఇదే వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) బ్యాండులో ఉంటాయి: ఆస్ట్రేలియాలోని ఎన్‌డబ్ల్యూసీ 19.8, అమెరికాలోని ఎన్‌ఏఏ 24.0, జర్మనీలోని డీహెచ్‌ఓ38 23.4 కిలోహెర్ట్జ్. వీటి సంకేతం బలం, ఫేజ్ మారాయంటే దారిలో డీ పొర (అయనావరణంలో అన్నింటికంటే కింది పొర) మారిందన్నమాట. పగలు 70, రాత్రి 85 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో తరంగాల్ని వెనక్కి తిప్పే ఆ పొర బెలూన్లకు అందదు, ఉపగ్రహాలు అంత కిందికి దిగలేవు. రాత్రింబవళ్లు దాన్ని గమనించడానికి వీఎల్‌ఎఫ్‌కు మించిన చవకైన దారి లేదు.

లూపు, ప్రీయాంప్

నేను వాడేది ఒకదానికొకటి లంబంగా నిలబెట్టిన రెండు లూపులు (తీగ చుట్టల యాంటెన్నాలు), ఒకటి ఉత్తర దక్షిణాలుగా, ఇంకొకటి తూర్పు పడమరలుగా. మీటరు భుజం ఉన్న చదరపు చట్రానికి, కోత వైశాల్యం చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగ 16 చుట్లు చుడితే నిరోధం దాదాపు 1 ఓము, ఇండక్టెన్స్ దాదాపు 1 మిల్లీహెన్రీ వస్తాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆసమ్ రిసీవర్లు కూడా ఈ నిరోధం, ఇండక్టెన్స్ ఉన్న లూపుకే సరిపోయేలా చేసినవి. ఇందులో కిటుకు ఏమిటంటే, లూపులో పుట్టే వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, లూపు ఇంపెడెన్స్ కూడా ఫ్రీక్వెన్సీతో పాటే పెరుగుతుంది. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ నిరోధాన్ని 1 ఓము దగ్గర పెడితే ఈ రెండూ కొట్టుకుపోయి, సుమారు 320 హెర్ట్జ్ పైన కరెంటు అన్ని ఫ్రీక్వెన్సీలకూ సమంగా వస్తుంది. పెద్ద ఇన్‌పుట్ నిరోధం ఉన్న మామూలు ఆడియో యాంప్లిఫయరుకు కలిపితే పై ఫ్రీక్వెన్సీలు ఉబ్బిపోయి, మనకు కావలసిన 2 కిలోహెర్ట్జ్ ప్రాంతం అడుగున పడుతుంది.

ఎంత చిన్న సంకేతంతో పనో ముందే లెక్క వేసుకోవాలి. మీటరుకు 1 మిల్లీవోల్టు బలమున్న తరంగంలో అయస్కాంత క్షేత్రం 3.3 పికోటెస్లా. 20 కిలోహెర్ట్జ్ దగ్గర పై లూపులో అది పుట్టించేది 6.7 మైక్రోవోల్టులు. దూరపు ట్రాన్స్‌మిటరైతే ఇందులో పదో వంతు వచ్చినా గొప్పే. కాబట్టి ప్రీయాంప్ (సంకేతాన్ని మొదట పెంచే యాంప్లిఫయర్) లూపు పక్కనే ఉండాలి, మొదటి దశలో స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 1 ఓము మూలాన్ని నేరుగా ట్రాన్సిస్టరుకు ఇస్తే ట్రాన్సిస్టర్ సొంత నాయిసే సంకేతాన్ని మింగేస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరుకు మ్యూమెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మిశ్రలోహం) డబ్బా తప్పనిసరి.

చట్రం చెక్కతోనో పీవీసీ పైపుతోనో చేస్తే గొడవ ఉండదు. లోహంతో చేస్తే ఎక్కడో ఒకచోట విద్యుత్ పరంగా తెగి ఉండాలి, లేకపోతే ఆ చట్రమే షార్ట్ అయిన చుట్టుగా మారి సంకేతాన్ని తగ్గిస్తుంది. చుట్లను కట్టగా బిగించి టేపు వేయాలి. ఉత్తర దిక్కు దిక్సూచితో కాకుండా సూర్యుడి నీడతోనో జీపీఎస్‌తోనో చూసుకోవాలి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. ఆ తేడాను లెక్కలో వేసుకోకపోతే స్ఫెరిక్ వచ్చిన దిశ ప్రతిసారీ అదే కోణంతో తప్పుతుంది.

ఇదే పద్ధతిలో షూమన్ అనునాదాలు కూడా కొలుద్దామని చాలామందికి అనిపిస్తుంది. పిడుగుల శక్తికి నేలకూ అయనావరణానికీ మధ్య ఉన్న ఖాళీ మొత్తం మోగడం వల్ల 7.8, 14.3, 20.8 హెర్ట్జ్ దగ్గర వచ్చే శిఖరాలవి. అక్కడ లెక్క పూర్తిగా వేరు. భూ అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లా అనుకుంటే, కాయిల్ గాలికి రేడియనులో పది లక్షల వంతు కదిలినా 40 పికోటెస్లాల నకిలీ సంకేతం పుడుతుంది. మనం వెతికేది 1 పికోటెస్లా స్థాయిది. అందుకే ఆ ఇండక్షన్ కాయిళ్లను భూమిలో పాతిపెడతారు, చెట్ల వేళ్లకు కూడా దూరంగా. గాలికి ఊగే చెట్టు వేళ్ల ద్వారా నేలను కదిలిస్తుంది.

స్థలం వెతకడం

స్థలం వెతికేటప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న లూపు, హెడ్‌ఫోన్స్ పట్టుకుని నడవడమే మంచి పద్ధతి. చిటపటలు బాగా వినిపించి, అడుగున ఉండే హమ్ లీలగా ఉంటే చాలు. కానీ ఒక్కసారి విని నిర్ణయించకూడదు. సోలార్ ఇన్వర్టర్లు పగలే మోత పెడతాయి, ఎల్ఈడీ దీపాలు రాత్రే పెడతాయి. ఫోన్ ఛార్జర్లు, మానిటర్లలోని స్విచింగ్ సప్లైలు పదుల కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి గీతలుగా కనిపిస్తాయి. ట్రాన్స్‌మిటరుకు, వీటికి తేడా తెలుసుకోవడం సులువే: ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ కదలదు, ఛార్జర్ గీత వేడెక్కేకొద్దీ జారుతుంది. అనుమానం వస్తే భవనం మెయిన్ స్విచ్ ఆపించి, బ్యాటరీ మీద పది నిమిషాలు రికార్డు చేసి పోల్చాలి.

50 హెర్ట్జ్ హమ్ మాత్రం ఎంత దూరం పోయినా వదలదు. దాని గుణకాలు (100, 150 హెర్ట్జ్ ఇలా వచ్చే హార్మోనిక్స్), ముఖ్యంగా బేసి గుణకాలు, కొన్ని కిలోహెర్ట్జ్ దాకా దువ్వెన పళ్లలా నిలబడతాయి. స్థిరమైన నాచ్ ఫిల్టర్లతో (ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసేవి) తీసేయాలని చూడటం దండగ, ఎందుకంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ క్షణక్షణం కొద్దిగా మారుతుంది. 49.98 దగ్గర ఉన్న మూలం 40వ గుణకానికి వచ్చేసరికి 0.8 హెర్ట్జ్ పక్కకు జరుగుతుంది. ప్రతి సెకను ముక్కలో మూల ఫ్రీక్వెన్సీని అంచనా కట్టి, ప్రతి గుణకానికీ బలం, ఫేజ్ లెక్కగట్టి తీసివేయాలి. పెద్ద స్ఫెరిక్ ఉన్న నమూనాలను ఆ అంచనాలోంచి ముందే తప్పించాలి, లేకపోతే తీసివేతే కొత్త నాయిస్‌ను పుట్టిస్తుంది.

ప్రీయాంప్ నుంచి గదికి మెలికలు తిప్పిన షీల్డ్ కేబుల్. ఎర్తింగ్ ఒక్కచోటే. రెండుచోట్ల ఎర్త్ చేస్తే కేబుల్ షీల్డే పెద్ద లూపుగా మారుతుంది. రెండు కొసల్లోనూ సర్జ్ రక్షణ ఉండాలి, పిడుగుల్ని కొలిచే పరికరం మీదికి పిడుగులు రాకుండా ఉండవు కదా. డబ్బాలోకి తేమ చేరడం, ఎలుకలు కేబుల్ కొరకడం అన్నవి ఏ స్టేషన్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు జరుగుతాయి. కేబుల్‌ను గొట్టంలో వేసి పాతితే రెండో బెడద తగ్గుతుంది.

క్యాలిబ్రేషన్, టైమింగ్

పరిశోధక విద్యార్థులకు నేను మొదట చేయమనేది డమ్మీ లూపు. లోహపు డబ్బాలో 1 ఓము నిరోధం, 1 మిల్లీహెన్రీ కాయిల్ శ్రేణిలో పెట్టి, అసలు లూపు స్థానంలో కలపాలి. అప్పుడు రికార్డయ్యేది ఆకాశం లేని సిస్టమ్ నాయిస్. దీని వర్ణపటం చేతిలో ఉంటే, కనిపించే ప్రతి గీతనూ దానితో పోల్చుకోవచ్చు. తర్వాత అదే డబ్బా ద్వారా తెలిసిన కరెంటు పంపి, ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర ఏడీసీ (సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్) ఇచ్చే అంకె ఎన్ని పికోటెస్లాలకు సమానమో పట్టిక తయారు చేయాలి. ప్రీయాంప్ మార్చినా, కేబుల్ మార్చినా మళ్లీ చేయాలి. ఇది విసుగు పుట్టించే పనే, అయినా పదేళ్ల డేటాను ఒకే వరుసగా చూపగలిగేది ఈ పట్టికతోనే.

టైమింగ్ జీపీఎస్ నుంచి రావాలి. కంప్యూటర్ గడియారాన్ని నమ్మకూడదు. పది లక్షలకు పది వంతులు తప్పే మామూలు స్ఫటికం రోజుకు 0.86 సెకను జారుతుంది. పిడుగు స్థానం కట్టేటప్పుడు 1 మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పినట్టు. సెకనుకొకసారి వచ్చే పీపీఎస్ పల్సుతో శాంప్లింగ్ గడియారాన్నే కట్టేయాలి, ఫైలు పేరులో సమయం రాస్తే సరిపోదు. పాత జీపీఎస్ మాడ్యూళ్లతో ఇంకో చిక్కు ఉంది. జీపీఎస్ వారాల లెక్క 1024కు చేరగానే సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చినప్పుడు, సరిచేయని మాడ్యూళ్లు తేదీని దాదాపు 20 ఏళ్లు వెనక్కి చూపాయి. పాత డేటా చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

నిల్వ లెక్క కూడా ముందే వేయాలి. 100 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, 16 బిట్లు, రెండు చానళ్లంటే రోజుకు దాదాపు 34.6 గిగాబైట్లు. అంతా దాచడం కష్టం కనుక ప్రతి 15 నిమిషాలకు ఒక నిమిషం పూర్తి బ్యాండు ఉంచి, ట్రాన్స్‌మిటర్ల బలం, ఫేజ్ మాత్రం నిరంతరం దాచే పద్ధతి వాడుకలో ఉంది. పూర్తి బ్యాండు అప్పుడు రోజుకు 2.3 గిగాబైట్లకు దిగుతుంది. తుపానులు, గ్రహణాలు, సౌర తుపానులు ఉన్న రోజుల్లో మాత్రం మొత్తం ఉంచండి. ఒకసారి చెరిపేసింది ఇక దొరకదు.

ఫీల్డ్ మిల్

వీఎల్‌ఎఫ్‌తో పాటు ఫీల్డ్ మిల్ (గాలిలోని విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే పరికరం) పెట్టుకుంటే వాతావరణ విద్యుత్తులో రెండో కాలు కూడా నేల మీద ఉన్నట్టు. నిర్మలమైన వాతావరణంలో నేల దగ్గర పొటెన్షియల్ గ్రేడియెంట్ (ఎత్తుతో పాటు వోల్టేజీ పెరిగే రేటు) మీటరుకు 100 నుంచి 150 వోల్టులు. తిరిగే రెక్క కింద ఉన్న ప్లేటు ఒకసారి ఆకాశాన్ని చూస్తుంది, ఒకసారి మరుగున పడుతుంది. 50 చదరపు సెంటీమీటర్ల ప్లేటు మీద మీటరుకు 100 వోల్టుల క్షేత్రం పోగుచేసే చార్జి 4.4 పికోకూలుంబులే. చార్జి యాంప్లిఫయరులో 1 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే 4.4 మిల్లీవోల్టులు. ఇంత తక్కువ చార్జితో పని కాబట్టి ఇన్సులేటర్ మీద పడే ప్రతిదీ శత్రువే: దుమ్ము, ఉప్పుగాలి, అన్నింటికంటే సాలెగూడు. ఎండలో పొడిగా ఉన్న సాలెపోగు ఏమీ చేయదు. తెల్లవారుజామున మంచుకు తడిసిందంటే లీకేజీ దారి అయిపోతుంది. రీడింగు ఉదయమే పడిపోయి, ఎండెక్కాక లేస్తే, ఆకాశాన్ని అనుమానించే ముందు టెఫ్లాన్ ఇన్సులేటర్లను ఆల్కహాలుతో తుడిచి చూడండి.

సున్నా కోసం ఎర్త్ చేసిన లోహపు మూత పెట్టాలి. స్కేలు కోసం 20 సెంటీమీటర్ల దూరంలో రెండు పెద్ద ప్లేట్లు పెట్టి 100 వోల్టులు ఇస్తే మీటరుకు 500 వోల్టుల క్షేత్రం దొరుకుతుంది. కానీ స్తంభం మీద తలకిందులుగా బిగించిన మిల్ దగ్గర క్షేత్రం వంకర తిరుగుతుంది, కాబట్టి అది చదివే అంకె నేల మీది అంకె కాదు. చదును నేల మీద మీటరు ఎత్తున, బాగా ఇన్సులేట్ చేసిన పొడవాటి తీగను అడ్డంగా లాగి, ఎలక్ట్రోమీటరుతో దాని పొటెన్షియల్ చదివితే అది నేరుగా ఆ మీటరు ఎత్తులోని గ్రేడియెంట్. దాంతో మిల్లును పోల్చి గుణకం కట్టాలి.

ఇక ఆ డేటాలో భూగోళ విద్యుత్ వలయాన్ని చూడాలంటే ఓపిక కావాలి. ఉరుముల మబ్బులు భూమికీ అయనావరణానికీ మధ్య నడిపే కరెంటు వలయమది. భౌతిక శాస్త్రవేత్త సీ.టీ.ఆర్. విల్సన్ ప్రతిపాదించిన ఆ వలయానికి సాక్ష్యంగా చూపేది కార్నెగీ వక్రం. అదే పేరున్న ఓడ 1929 వరకు సముద్రాల మీద తిరిగి కొలిచిన రోజువారీ మార్పు అది. ప్రపంచమంతటా ఒకేసారి, 19 గంటల యూటీ (గ్రీన్‌విచ్ సమయం) ప్రాంతంలో శిఖరం, 3 గంటల ప్రాంతంలో కనిష్ఠం. నేల మీద స్టేషన్లో ఇది మామూలుగా కనిపించదు. పొద్దెక్కగానే గాలి సుడులు పొగనూ దుమ్మునూ పైకి లేపుతాయి, ఆ కణాలకు చిన్న అయాన్లు అంటుకుని గాలి వాహకత తగ్గుతుంది, గ్రేడియెంట్ పెరుగుతుంది. రాత్రి నేల నుంచి వచ్చే రేడాన్ దీనికి ఎదురు దిశలో లాగుతుంది. గాలి వేగం, మబ్బు, పొగమంచు వివరాలు పక్కన లేకుండా ఒక్క మిల్ డేటాతో పేపరు రాయబూనడం నా దృష్టిలో వృథా శ్రమ. చవకదైనా సరే, వాతావరణ స్టేషన్ ఒకటి పక్కన ఉండి తీరాలి.

టాపిక్ ఎంచుకోవడం

ఇప్పుడు టాపిక్. ఎవరూ ముందుగా చెప్పని విషయం, మీ పీహెచ్‌డీ సౌర చక్రంలో ఏ దశలో పడుతుందన్నది. సౌరజ్వాలల ఎక్స్‌రేలు డీ పొరను ఎలా మారుస్తాయన్నది మంచి ప్రశ్నే. కానీ 2009లో, 2019లో ఒక్క ఎక్స్ తరగతి (అత్యంత బలమైన) జ్వాల కూడా రాలేదు. పదకొండేళ్ల చక్రంలో కనిష్ఠం వైపు వెళ్తున్నప్పుడు మొదలుపెట్టేవాళ్లు రాత్రి అయనావరణం మీద, ట్వీక్‌ల (రాత్రిపూట తోక వంగి కనిపించే స్ఫెరిక్స్) మీద, పిడుగుల మీద పని ఎంచుకోవాలి. పిడుగులకు కొరత ఉండదు, ఉపగ్రహాలు లెక్కగట్టిన ప్రకారం ప్రపంచం మొత్తం మీద సెకనుకు దాదాపు 44 మెరుపులు. మామూలు రోజుల డేటాతో జవాబు దొరికే ప్రశ్న తీసుకుంటే థీసిస్ ఆగదు. పెద్ద సంఘటన వస్తే అది అదనపు లాభం.

ట్వీక్ విశ్లేషణ మొదటి పేపరుకు చాలా అనువైనది. రాత్రిపూట స్ఫెరిక్ తోక 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర కొక్కెంలా వంగుతుంది. కాంతి వేగాన్ని తోక వంగి ఆగే ఆ కటాఫ్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపుతో భాగిస్తే పరావర్తన ఎత్తు వస్తుంది: 1.7కి 88 కిలోమీటర్లు, 1.8కి 83. ఇక్కడే చాలామంది జారుతారు. స్పెక్ట్రోగ్రాములో 20 మిల్లీసెకన్ల కిటికీ వాడితే ఫ్రీక్వెన్సీ వివరం 50 హెర్ట్జ్, అంటే ఎత్తులో రెండున్నర కిలోమీటర్ల అనిశ్చితి. కంటితో చదివి 0.1 కిలోమీటరు మార్పు చూశామంటే సమీక్షకుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎంత ఆలస్యంగా వచ్చిందో తీసి, వ్యాప్తి సమీకరణాన్ని దానికి ఫిట్ చేయాలి. కటాఫ్, దూరం రెండూ పొరపాటు హద్దులతో సహా వస్తాయి. ఆ దూరాన్ని పిడుగుల నెట్‌వర్కు ఇచ్చిన స్థానంతో పోల్చి చూపితే పేపరు బలపడుతుంది. పిడుగుల స్థానాలు కట్టే ప్రపంచ నెట్‌వర్కు డబ్ల్యూడబ్ల్యూఎల్‌ఎల్‌ఎన్‌కు ఒక స్టేషన్ నడిపితే వాళ్ల డేటా మనకూ అందుతుంది, పరిచయాలూ పెరుగుతాయి.

ట్రాన్స్‌మిటర్ డేటాతో పనిచేసేటప్పుడు నేను వాడే నియమం ఒకటే. ఒక్క దారిలో కనిపించిన మార్పును రెండో దారి కూడా చూడనిదే నమ్మను. ట్రాన్స్‌మిటర్ పవరు తగ్గించినా, నిర్వహణ కోసం ఆపినా గ్రాఫులో పొర మారినట్టే ఉంటుంది. ఆపిన ఆ కాసేపూ నిజానికి మనకు వరం, ఆ ఫ్రీక్వెన్సీలో నాయిస్ అడుగు ఎంతో అప్పుడే తెలుస్తుంది. జ్వాల వచ్చినప్పుడు సంకేతం పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. రిసీవరు దగ్గర వేర్వేరు మోడ్‌లు (తరంగం సాగే తీరులు) కలిసే తీరును బట్టి అది ఉంటుంది. వీఎల్‌ఎఫ్ శిఖరం ఎక్స్‌రే శిఖరం తర్వాత కొద్ది నిమిషాలకు వస్తుంది. ఆలస్యం లేకుండా రెండూ ఒకేసారి వచ్చాయంటే ముందు టైమింగ్ చూసుకోండి.

భూకంపాలకు ముందు వీఎల్‌ఎఫ్‌లో మార్పులు వస్తాయన్న టాపిక్ విద్యార్థులను బాగా ఆకర్షిస్తుంది. నేనైతే మొదటి థీసిస్‌కు వద్దంటాను. రాత్రి డీ పొర కింది వాతావరణం నుంచి వచ్చే గాలి అలలకు (గ్రావిటీ వేవ్స్), పైనుంచి రాలే ఎలక్ట్రాన్లకు, ఋతువుకు, అయస్కాంత తుపానులకు అన్నింటికీ స్పందిస్తుంది. భూకంపం లేని వందలాది రాత్రుల మీద అదే పరీక్ష చేసి, ఎన్నిసార్లు అదే మార్పు కనిపించిందో చెప్పకుండా చేసే వాదన నిలబడదు. ఆ పని సరిగ్గా చేయడానికి పీహెచ్‌డీ కాలం చాలదు.

పేపరు, సభలు, తర్వాత

రేడియో సైన్స్, జేజీఆర్ (జర్నల్ ఆఫ్ జియోఫిజికల్ రీసెర్చ్) లాంటి పత్రికలకు పంపేటప్పుడు పద్ధతుల భాగంలో లూపు వైశాల్యం, చుట్లు, క్యాలిబ్రేషన్ తేదీ, టైమింగ్ పొరపాటు, తీసేసిన డేటా శాతం, తీసేసిన కారణం రాయండి. సమీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది స్థానిక నాయిస్ కాదని ఎలా తెలుసన్నది. డమ్మీ లూపు గ్రాఫు అక్కడ పనికొస్తుంది. డేటాను, కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచాలన్నది ఇప్పుడు చాలా పత్రికల నియమం కాబట్టి, మొదటి రోజు నుంచే ఫైళ్లకు ఒకే పేరు పద్ధతి పెట్టుకోవాలి.

1919లో పుట్టిన యుర్సీ (అంతర్జాతీయ రేడియో సైన్స్ సమాఖ్య) మూడేళ్లకోసారి జనరల్ అసెంబ్లీ పెడుతుంది. మన పని ఎక్కువగా జీ, హెచ్, ఈ కమిషన్లలో పడుతుంది: అయనావరణం, ప్లాస్మా తరంగాలు, విద్యుదయస్కాంత నాయిస్. అక్కడి యువ శాస్త్రవేత్తల పురస్కారానికి దరఖాస్తు చేయడం అస్సలు మానకండి. వాతావరణ విద్యుత్తు అంతర్జాతీయ సదస్సు వేరుగా ఉంది. రెండూ వేర్వేరు గుంపులు, ఒకరి పేపర్లు ఇంకొకరు పెద్దగా చదవరు. మధ్యలో నిలబడి రెండువైపులా మాట్లాడగలిగినవాళ్లకు పోస్ట్‌డాక్ దొరకడం తేలిక. రాడార్, రిమోట్ సెన్సింగ్ ల్యాబులు కూడా వీఎల్‌ఎఫ్ నుంచి వచ్చినవాళ్లను తీసుకుంటాయి. బలహీన సంకేతాన్ని నాయిస్‌లోంచి లాగడం, ఫేజ్‌ను సరిగా పట్టుకోవడం ఎక్కడైనా ఒకటే విద్య.

పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లలో కొత్త స్టేషన్ మొదలుపెట్టవద్దు. అది స్థిరపడి డేటా ఇచ్చేసరికి ఒప్పందం అయిపోతుంది. ఉన్న డేటా మీద పనిచేసి, స్టేషన్ ఆలోచనను సొంత ఉద్యోగం వచ్చాక చేసే మొదటి గ్రాంటు దరఖాస్తుకు దాచుకోండి. ఆ దరఖాస్తులో రిసీవరు ఖరీదుతో పాటు ఐదేళ్ల నిర్వహణ, విడి ప్రీయాంప్, డిస్కులు, చూసుకునే మనిషి జీతం అడగాలి. పరికరానికి డబ్బిచ్చి నిర్వహణకు ఇవ్వకపోతే రెండో ఏడాదికే స్టేషన్ మూగబోతుంది.

స్టేషన్ వేరొకరి చేతికి ఇచ్చేటప్పుడు లాగ్‌బుక్ కూడా ఇవ్వాలి, కాగితం మీదా ఫైల్లోనూ. అందులో ప్రతి రీబూట్ సమయం యూటీలో ఉండాలి, ఎందుకంటే ఎంఎస్‌కే (నౌకాదళ ట్రాన్స్‌మిటర్లు వాడే మాడ్యులేషన్) సంకేతాల ఫేజ్ రీబూట్ తర్వాత 90 లేదా 180 డిగ్రీలు దూకవచ్చు. లూపును ఎప్పుడు కదిలించారు, ఏ ప్రీయాంప్ ఏ తేదీ నుంచి, పక్కన కొత్త భవనమో ట్రాన్స్‌ఫార్మరో ఎప్పుడు వచ్చింది, హమ్ ఎప్పుడు పెరిగింది, డమ్మీ లూపు ఆఖరి రికార్డు ఏ ఫైల్లో ఉంది, ఇవన్నీ ఉండాలి. వచ్చేవాళ్లతో ఒకసారి డమ్మీ లూపు పెట్టించి, వాళ్ల చేత్తోనే క్యాలిబ్రేషన్ చేయించి, పాత పట్టికతో తేడా ఎంతో అదే లాగ్‌బుక్‌లో రాయించండి.